నొక్కితే దిగే టైరు

మా నాన్న మీద నాకు కోపం వచ్చిన సందర్భాలు పెద్దగా లేవు. ఒక్కటే ఉంది. అది మూడు నెలలు నడిచింది.

దాని సంగతి చెప్పాలంటే ముందు లారీ టైర్ల గురించి చెప్పాలి. టైర్ల గురించి తెలుసుకుందామని పుస్తకం తెరిచేవాళ్ళు ఉండరని నాకు తెలుసు. డిగ్రీలో ఫిజిక్సు చదివినప్పుడు నేనూ వాటి గురించి ఆలోచించలేదు. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగిస్తే వచ్చేది అని పరీక్షలో రాశాను. పక్కన బొమ్మ కూడా వేశాను. మార్కులు పడ్డాయి. ఆ వాక్యంతో ఇక పనుండదనుకుని కాగితం ఇచ్చేసి బయటికొచ్చాను. అది మాత్రం సముద్రం ఒడ్డున నా కోసం కాచుకుని కూర్చుంది.

మాది మల్కాపురం. నాన్న ముప్పై ఏళ్ళు లారీ తోలాడు. స్టీలు ప్లాంటు దగ్గర ఇనుప చువ్వల కట్టలు ఎక్కించుకుని పోర్టుకి, పోర్టు నుంచి మళ్ళీ ప్లాంటుకి. ఆ ముప్పై ఏళ్ళలో ఆయన నేర్చుకున్న వేదం ఒక్కటే: టైరు గట్టిగా ఉండాలి. పొద్దున్నే, పళ్ళు కూడా తోముకోకముందే, ఇనుప రాడ్డు పట్టుకుని బండి చుట్టూ తిరిగి ఒక్కో టైరునీ కొట్టేవాడు. ఠంగుమంటే ముందుకి నడిచేవాడు. బొద్దుమంటే ఆగేవాడు. ఆయన ఆగాడంటే ఇంట్లో ఎవరమూ టిఫినుకి పిలిచేవాళ్ళం కాదు. మెత్తబడ్డ టైర్లతో బండిని వీధిలో నిలబెట్టడం ఆయన దృష్టిలో పంచె జారిపోతున్నా చూసుకోకుండా పెళ్ళిపందిట్లో తిరగడం లాంటిది. మోకాళ్ళు పోయాక లారీ దిగిపోయాడు. రాడ్డు మాత్రం దింపలేదు.

నేను పోర్టు దగ్గర ఒక ఆఫీసులో కంటైనర్ల నంబర్లు కంప్యూటర్లోకి ఎక్కించే ఉద్యోగం చేశాను. నేను లేకపోయినా నంబర్లు ఎక్కుతాయని ఐదేళ్ళకి అర్థమై, పాతదే ఒక చిన్న లారీ కొన్నాను. ముందు రెండు చక్రాలు, వెనక నాలుగు. భీమిలి వైపు వెళ్ళే దారిలో ఒక పల్లె ఉంది. అక్కడ పడవలు ఇసక మీదే ఆగుతాయి. వాళ్ళ చేపల్ని ఫిషింగ్ హార్బరులో వేలానికి చేర్చడం నా పని. రోడ్డుకీ పడవలకీ మధ్య ఉన్నదంతా ఇసకే. ఆడవాళ్ళు తట్టలు నెత్తిన పెట్టుకుని ఆ ఇసకలో పదేసిసార్లు తిరిగేవాళ్ళు. బండే దిగి పడవ పక్కన ఆగితే ఎంత బాగుంటుంది అన్నది ఎవరికైనా వచ్చే ఆలోచన. మిగతావాళ్ళకి కూడా వచ్చే ఉంటుంది. వాళ్ళు ఊరుకున్నారు. నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి అమలు చేశాను.

ఆటోనగర్లో టైర్ల షాపాయన నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు.

"ఏ లైను బండి సార్?"

"బీచ్."

"బీచ్ రోడ్డా?"

"రోడ్డు కాదండీ. బీచే."

అరుదైన రోగం వచ్చినవాణ్ణి డాక్టరు చూసినట్టు చూశాడు నన్ను. "ఇసకంటే పట్టుండాలి సార్. లోతు బటన్ ఏసుకోండి, నైలాన్. గోళ్ళతో పట్టుకున్నట్టు పట్టుకుని ఎల్లిపోద్ది" అన్నాడు. టైరు మీద గట్లుగట్లుగా ఉండే రబ్బరు దిమ్మల్ని మావాళ్ళు బటన్లంటారు. ఆయన చూపించిన టైర్లలో బటన్ల మధ్య వేళ్ళు పెడితే రెండో కణుపు దాకా దిగాయి. చూడగానే నమ్మకం కలిగే టైర్లు. ఆయన ఎప్పుడైనా ఇసకలో బండి తోలాడా అని అడగాలని నాకు తోచలేదు. ఆయన తోలలేదని తరవాత తెలిసింది. సముద్రం ఆయన చూసింది పిల్లల్ని తీసుకెళ్ళి మొక్కజొన్న పొత్తులు తిన్నప్పుడే.

వెనక నాలుగూ అవే వేయించాను. నాన్న వీధిలోకొచ్చి నాలుగింటినీ రాడ్డుతో కొట్టాడు. నాలుగూ ఠంగుమన్నాయి. "టైరంటే ఇదిరా" అన్నాడు. నా డిగ్రీ ఫలితాలు వచ్చిన రోజున కూడా ఆయన మొహం అలా వెలగలేదు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి బండి కదిలించాం. నిమ్మకాయలు పచ్చడయ్యాయి. అంతవరకు టైర్లు బాగానే పనిచేశాయి.

పల్లెలో నాకు పని చూపించింది ఒక అక్క. యాభై దాటిన మనిషి. ఆమె భర్తని నేను బావ అనేవాణ్ణి. వాళ్ళకో ఫైబరు పడవ ఉంది. బావ వేటకెళ్తాడు, వచ్చిన చేపని అక్క అమ్ముతుంది. ఎవరికింద పనిచెయ్యకుండా బతకడానికి వాళ్ళకున్న ఆధారం ఆ పడవ ఒక్కటే. బావ దాన్ని పడవ అనడు, "మా ఇల్లు" అంటాడు. అసలు ఇంటిని మాత్రం "ఆ కొంప" అంటాడు.

మొదటి రోజు నేను గొప్పగా ఇసకలోకి దిగాను. పది గజాలు వెళ్ళాను. తరవాత ముందుకి వెళ్ళడం ఆగి కిందికి వెళ్ళడం మొదలైంది. పల్లె మొత్తం వచ్చి నిలబడింది.

"బావా, నుయ్యి తవ్వమని మునిసిపాలిటోళ్ళు పంపినారేటి నిన్ను?" అన్నాడొకడు.

"నీల్లు పడితే సెప్పు, బిందె తెత్తాను" అంది వెనక నుంచి ఒకావిడ.

అక్క వెనక చక్రం దగ్గర కూర్చుని బటన్ల మధ్య ఇరుక్కున్న ఇసకని వేలితో గోకింది. "ఇది టైరేటి తమ్ముడూ? పారలాగుంది. తిరిగినప్పుడల్లా ఓ పారెడు ఇసక ఎత్తి ఎనక్కి పోత్తంది. ఇంకెక్కడికెల్తాది, పాతాలానికే." తరవాత తన కాలు చాపి చూపించింది. పుట్టినప్పటి నుంచీ చెప్పు ఎరగని పాదం. వెడల్పుగా, వేళ్ళు విడివిడిగా, అట్లపెనం లాగా పరుచుకుని ఉంది. "నలబై కేజీల తట్టెత్తుకుని తిరుగుతాను ఇందులో. ఎప్పుడైనా దిగిపోయినానా? నీ బూట్లు సూడు మరి." నా బూట్ల మడమలు అప్పటికే కనిపించడం లేదు.

బలం, వైశాల్యం. పక్కన బొమ్మ. ఇరవైమంది బండిని తోసి రోడ్డెక్కించారు. నేను వాళ్ళతో కలిసి నవ్వాను. ఆ నవ్వు నాకు తిన్నగా రాలేదు.

మర్నాడు అక్కని బండిలో కూర్చోబెట్టుకుని ఆటోనగర్ వెళ్ళాను. షాపాయన ఈసారి మజ్జిగ ఇప్పించలేదు. అక్క ఎవరితోనూ మాట్లాడకుండా వరసగా పేర్చిన కొత్త టైర్ల దగ్గరికెళ్ళి ఒక్కోదాని చెంప మీద బొటనవేలు పెట్టి నొక్కడం మొదలుపెట్టింది. వేలంలో చేపని నొక్కి చూస్తారే, అలా.

"ఇది రాయి" అంది. పక్కదానికెళ్ళింది. "ఇదీ రాయే."

"అమ్మా, టైరుని అలా సూడరు" అన్నాడాయన.

"మరెలా సూత్తారు బాబూ? సేపైతే నొక్కితే లెగాల. ఇసకలోకెల్లే టైరైతే నొక్కితే దిగాల. అంతేగా?"

ఆయన నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు చూశాను.

అక్క నడుచుకుంటూ షాపు వెనక్కి వెళ్ళిపోయింది. జనం మార్చి పారేసిన పాత టైర్లు అక్కడ గుట్టగా ఉన్నాయి. కాసేపటికి పిలిచింది. కాస్త వెడల్పుగా ఉన్న రేడియల్ టైర్లు నాలుగు పక్కకి దొర్లించి పెట్టింది. బటన్లు దాదాపు అరిగిపోయి గుండులా ఉన్నాయి. చెంప మీద నొక్కితే వేలు లోపలికి వెళ్ళింది.

"ఇయ్యి" అంది.

"అవి అమ్మేవి కాదమ్మా. అరిగిపోయాయి."

"నానూ అరిగిపోయినదాన్నే. నడత్తన్నానా నేదా?"

షాపాయన చివరికి నాతో, "సార్, మీ ఇష్టం. కానీ వాన రోడ్డు మీద ఇవి జారతాయి. నాకు పూచీ లేదు" అన్నాడు. ఆ షాపులో నేను విన్న నిజం అదొక్కటే. అది నేను పట్టించుకోలేదు.

ఆ సాయంత్రం నాన్న రాడ్డుతో వీధిలోకొచ్చాడు. మొదటి టైరు కొట్టాడు. బొద్దుమంది. రెండోది కొట్టలేదు.

"ఏట్రా ఇది? బండికి గుండు కొట్టించినావు? తిరపతి ఎల్లొచ్చినాదేటి?"

"ఇసకకి ఇవే పనికొస్తాయి నాన్నా."

"ఎవడు సెప్పినాడు?"

"అక్క చెప్పింది. చేపలమ్మే అక్క."

"సేపలమ్మింది టైర్లు సెప్పీసినాది. ముప్పయ్యేల్లు నాను తోలింది లారీ కాదురా, తోపుడుబండి" అని లోపలికెళ్ళిపోయాడు. రెండ్రోజులు మాట్లాడలేదు. విప్పేసిన లోతు బటన్ టైర్లు నాలుగింటినీ వరండాలోకి దొర్లించుకుని గోనెపట్టా కప్పాడు. ప్రతి ఆదివారం పట్టా తీసి తడిగుడ్డతో తుడిచేవాడు. నేను అప్పుడే అమ్మేసి ఉండాల్సింది. తుడుచుకోనీలే అనుకున్నాను. ఇలాంటి దయలు నేను తక్కువే చేస్తాను. చేసినప్పుడల్లా ఏదో ఒకటి విరుగుతుంది.

అక్క టైర్లు ఏడాదిపాటు ఒక్కరోజు కూడా దిగబడలేదు. ఇసక అంచున ఆగి, అగ్గిపుల్లతో వాల్వు నొక్కి గాలి వదిలేవాణ్ణి. ఎంత వదలాలో మీటరు చెప్పేది కాదు, అక్క కాలితో నొక్కి చెప్పేది. టైరు అడుగున కడుపు జారినట్టు పరుచుకున్నాక బండి ఇసక మీద పిల్లిలా నడిచేది. తిరిగొచ్చేటప్పుడు పల్లె మొదట్లో పంక్చరు షాపులో గాలి కొట్టించుకుని రోడ్డెక్కేవాణ్ణి. తట్టలు మోసే పని తగ్గింది. మగవాళ్ళు నన్ను బావా అనడంలో వెటకారం కూడా కొంత తగ్గింది.

ఇంకో పని కూడా నా మీద పడింది. ఆ పల్లె ముందు ఒడ్డుని సముద్రం కొరుక్కుతింటోంది. ఇళ్ళు కొట్టుకుపోకుండా పెద్ద పెద్ద రాళ్ళు పోసి గట్టు కట్టారు. ఇళ్ళు బాగానే ఉన్నాయి. పడవల్ని పైకి లాక్కోవడానికి మాత్రం దారి లేకుండా పోయింది. గాలివాన వస్తే గట్టు పొడుగునా రెండొందల గజాలు ఇసక మీద లాక్కెళ్ళి, గట్టు ఆగిపోయిన చోట ఉన్న వాలు మీదుగా ఎక్కించాలి. ఒక్కో పడవకి ముప్పైమంది కావాలి. నా లారీకి మోకు కట్టి లాగితే, కింద దుంగలు వేసేవాళ్ళు నలుగురుంటే చాలు. ఆ ఏడాదిలో రెండుసార్లు లాగాను. రెండుసార్లూ అక్క ముందు నడుస్తూ చేత్తో దారి చూపించింది.

దీపావళికి ముందు వాయుగుండం పట్టింది. పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. ఆ మధ్యాహ్నం అక్క ఫోను చేసింది. "తమ్ముడూ, రేపు పొద్దున్న బేగి వచ్చీ. మా పడవ ఆ సివర రాళ్ళ పక్కనుంది. మనుసులందరూ మిగతా పడవలకెల్లిపోతారు."

అప్పటికి రెండు రోజులుగా నిద్రలేదు. ఇంటికొచ్చి సాయంత్రం ఆరింటికే పడుకున్నాను. బయట వాన మొదలైంది.

పొద్దున్నే లేచి, వానలో తల వంచుకుని బండెక్కి బయల్దేరాను. రోడ్డు మీద టైర్లు గుర్రుమంటున్నాయి. వానచప్పుడనుకున్నాను. ఇసక అంచున ఆగి, అగ్గిపుల్ల తీసి వెనక చక్రం దగ్గర కూర్చున్నాను. లోతు బటన్లు. వేళ్ళు పెట్టి చూశాను. రెండో కణుపు దాకా దిగాయి.

నాన్నకి ఫోను చేశాను.

"టైర్లు మార్చావా?"

"మార్సినాను. నువ్వు పడుకున్నావని లేపనేదు. మూల మీద పంక్చరోడి దగ్గరికి నానే దొర్లించుకుని ఎల్లినాను నాలుగూని. వాన కదరా, ఆ గుండు టైర్లతో జారిపోవూ? గాలి కూడా ఫుల్లు. ఠంగుమంటన్నాయి."

గొంతులో ఎంత తృప్తో. ఆ మోకాళ్ళతో, ఆ వానలో, నాలుగు టైర్లు. ఫోను పెట్టేశాను. ఆయన తప్పు చేసి ఉంటే నాకు సులువుగా ఉండేది. వాన రోడ్డుకి ఆయన వేసిందే సరైన టైరు. షాపాయన కూడా అదే చెప్పాడు. మనిషి ఒప్పు చేసి మన గొంతు కోస్తే ఏం తిట్టాలో మన భాషలో మాట లేదు. నేను చాలాసేపు వెతికాను.

అక్క వచ్చింది, చీర నడుముకి బిగించి, తల మీద ప్లాస్టిక్ సంచి కప్పుకుని. వెనక పడవ దగ్గర బావ, ఇంకో ముగ్గురు దుంగలతో సిద్ధంగా ఉన్నారు. మిగతా పల్లె అంతా వాలు దగ్గర ఇంకో పడవని లాగుతోంది.

"అక్కా, టైర్లు మారిపోయాయి" అన్నాను.

ఆమె చూసింది. కాలు పెట్టి నొక్కింది. సముద్రం వైపు చూసింది. "మా పడవకి మనుసులు అక్కర్నేదు, తమ్ముడి బండొత్తాదని సెప్పీసినాను" అంది. తిట్టలేదు. ఉన్న విషయం చెప్పింది.

"పిలుద్దామా మళ్ళీ?"

"వోళ్ళ పడవలు మజ్జిలో ఉన్నాయి, ఒదిలేసి ఎలాగొత్తారు? గాలి తీసీ. బాగా తీసీ. మెల్లిగా ఎల్లు. తొక్కకు. తొక్కితే తవ్వుద్ది, మెల్లిగా ఎల్తే ఇదైనా ఎల్తాది."

తీయగలిగినంత గాలి తీశాను. మోకు కట్టారు. రెండో గేరులో, కాలు ఆనించీ ఆనించనట్టు పెట్టి కదిలించాను. కదిలింది. ముప్పై గజాలు, నలభై. అక్క ముందు నడుస్తూ తడి ఇసక ఎక్కడ గట్టిగా ఉందో చూపిస్తోంది. గట్టు రాళ్ళు ఎడం పక్కన. కుడి పక్కన కెరటాలు, ప్రతిసారీ ఇంకో జానెడు పైకి. సగం దూరం వచ్చేశాం. నిజం చెప్పాలంటే అప్పటికి వెళ్ళిపోతామనే అనిపించింది.

అప్పుడు ఫోను మోగింది. డాష్ బోర్డు మీద వెలిగింది: నాన్న. క్షేమంగా చేరానా లేదా అని. అంతే అయుంటుంది.

ఫోను ఎత్తలేదు. కాలు మాత్రం దించాను.

"తొక్కకు!" అని అరిచింది అక్క. నాకు వినిపించింది. అద్దంలో బావ చేతులూపడం కనిపించింది. బండి వెనక్కి కుంగింది. ఇంకా తొక్కాను. "తొక్కకు తమ్ముడూ!" ఇసక వెనక్కి చిమ్మి మోకు మీద, దుంగల మీద, బావ మొహం మీద పడింది. నా కోపం ఎంత లోతుంటుందో ఎప్పుడూ కొలవలేదు. ఆ రోజు కొలత తెలిసింది. ఇరుసు దాకా.

తరవాతిదంతా పావుగంటలో అయిపోయింది. చక్రాల కింద చెక్కలు పెట్టారు, కొబ్బరి మట్టలు పెట్టారు. బటన్లు వాటిని నమిలి వెనక్కి ఉమ్మేశాయి. బిగిసిన మోకు చివర పడవ ముందుకీ రాదు, వెనక్కీ పోదు. అక్క కత్తి తెచ్చి మోకు కోసేలోపు ఒక కెరటం పడవని పక్కకెత్తి గట్టు మీద వేసింది. రెండోది మళ్ళీ ఎత్తి మళ్ళీ వేసింది. ఫైబరు పగిలిన చప్పుడు పెద్దగా ఏమీ ఉండదు. అప్పడం విరిచినట్టుంటుంది. వాలు దగ్గర నుంచి జనం పరిగెత్తుకొచ్చి పట్టుకునేసరికి ముక్కు నుంచి నడుము దాకా పగులు. బావ అందులో చెయ్యి పెట్టి చూశాడు. భుజం దాకా వెళ్ళింది. ఇల్లు అనేవాడు దాన్ని. చెయ్యి బయటికి తీసుకున్నాడు.

నా లారీ రెండు రోజులు సముద్రానికి ఎదురుగా కూర్చుంది. గాలి తగ్గాక పొక్లెయిన్‌తో లాగించాం. ఇంజనుకి ఏమీ కాలేదు. అయితే బాగుండుననిపించింది.

ఇంటికెళ్ళి నాన్న ముందు నిలబడి ఒక్క మాటన్నాను. "నీ టైర్లు వాళ్ళ పడవని మింగేశాయి."

ఆయన రాడ్డు గోడకి ఆనించాడు. "వాన కదరా" అన్నాడు. మళ్ళీ, "రోడ్డు జారుతాది కదా."

నేను తొక్కిన సంగతి చెప్పలేదు. మర్చిపోయి కాదు. పంక్చరు షాపులో చెప్పలేదు, హార్బరులో చెప్పలేదు. టైర్లు మారిపోయాయి, మా నాన్న మార్చేశాడు, ఏం చేస్తాం అనేవాణ్ణి. అందరూ తల ఊపేవాళ్ళు. ముసలాళ్ళంతే అనేవాళ్ళు. ఆ తల ఊపుడు నాకు కొంత సుఖంగా ఉండేది.

పడవకి అతుకులు వేసి నీళ్ళలోకి దింపడానికి మూడు నెలలు పట్టింది. సొంత పడవ ఉన్న బావ ఆ మూడు నెలలు ఫిషింగ్ హార్బరులో ఇంకొకరి బోటు మీద కూలికెళ్ళాడు. తెల్లారకముందే నేను వేరే ఊళ్ళ చేపలు దించుతుంటే, అతను ఐసు ముక్కలు పారతో బోటులోకి తోస్తూ కనిపించేవాడు. అతనికన్నా పదేళ్ళు చిన్నవాడెవడో పైనుంచి "బేగి, బేగి" అని అరుస్తుండేవాడు. నన్ను చూస్తే "ఏటి బావా, టిఫిన్ సేసినావా?" అని పలకరించేవాడు. ఒక్కరోజు, ఒక్కసారి బూతులు తిట్టి ఉంటే నేను హాయిగా ఉండేవాణ్ణి. అలాంటి సాయాలు అతను చెయ్యడు. టిఫిన్ సంగతి అడుగుతాడు.

పడవ తయారయ్యాక అక్క ఫోను చేసింది. "రేపు నీల్లలోకి దింపుతన్నాం. బండి తీసుకురా. మీ నాన్నని కూడా తీసుకురా."

"నాన్నెందుకు?"

"తీసుకురా సెప్తాను."

నాకు సంతోషం కలిగిందని ఒప్పుకుంటాను. నేను అనలేకపోయినవన్నీ అక్క అంటుంది. ఆమె నోరు నాకు తెలుసు. అక్క టైర్లే బిగించుకుని, పక్క సీట్లో నాన్నని కూర్చోబెట్టుకుని బయల్దేరాను. ఆయన రాడ్డు కూడా తెచ్చుకున్నాడు. దారంతా మేం మాట్లాడుకోలేదు. ఆ మూడు నెలల్లో మాకు అది అలవాటైంది.

పడవ ఇసక మీద ఉంది. ముక్కు నుంచి నడుము దాకా అతుకు, పాత నీలం మీద కొత్త నీలం, దూరానికే తెలుస్తోంది. నాన్న బండి దిగి, కుంటుకుంటూ పడవ దగ్గరికెళ్ళి, అతుకు మీద అరచెయ్యి పెట్టి మొదటి నుంచి చివరి దాకా నడిచాడు. తరవాత అక్క వైపు తిరిగాడు.

"నానేనమ్మా టైర్లు మార్సినాను. ఇసక సంగతి నాకు తెల్దు. ఏటనాలో అను."

అక్క ఆయన్ని చూసింది. తరవాత నన్ను చూసింది. చాలాసేపే చూసింది. నేను ఏదో చెబుతానని ఎదురుచూస్తోందని నాకు తెలుసు. నేను సముద్రం చూశాను.

"నువ్వు టైర్లు మార్సినావు బాబూ" అంది అక్క. "వాన రోడ్డు మీద కొడుకు జారిపోతాడని మార్సినావు. నాకు కొడుకుంటే నానూ మారుద్దును. ఆటితోనే సగం దూరం వచ్చీసినాం మరి. తొక్కకు తొక్కకు అని రెండుపాల్లు అరిసినాను. తొక్కింది నువ్వు కాదు గదా."

నాన్న నా వైపు తిరిగాడు.

"తొక్కీసినావా?"

"ఊఁ."

"ఎంత?"

"ఇరుసు దాకా."

"ఇన్నాల్లూ ఆ ముక్క నాకు సెప్పనేదు" అన్నాడు. అది ప్రశ్న కాదు. ముప్పై ఏళ్ళు ప్లాంటుకీ పోర్టుకీ మధ్య లారీ తోలినవాడి దగ్గర బూతులకి కొరత ఉండదు. ఒక్కటీ వాడలేదు. నా మీద ఎన్నడూ ఎత్తని రాడ్డుని ఒకసారి చూసుకుని, బండి వెనక్కి నడిచాడు. నేను చూస్తుండగా మోకాళ్ళ మీద కూర్చోలేక, ఇసకలో చతికిలబడి, వాల్వు మూత తిప్పాడు.

"గాలి దేంతో తీత్తావమ్మా?"

అక్క అగ్గిపుల్ల ఇచ్చింది. గాలి బుస్సుమని పోతుంటే ఆయన మొహం, చిన్నప్పుడు నాకు ఇంజెక్షను చేయిస్తుంటే ఎలా ఉండేదో అలా ఉంది. మధ్యమధ్యలో ఆపి రాడ్డుతో కొట్టి వింటున్నాడు.

"సాలేటి?"

అక్క కాలితో నొక్కింది. "ఇంకా దిగాల."

మళ్ళీ తీశాడు. మళ్ళీ కొట్టాడు. బొద్దుమంది. ఆ చప్పుడు విని తల ఊపాడు. నాలుగు చక్రాలకీ అంతే, ఒక్కోదానికీ అక్కని అడిగి. బావ వచ్చి చెయ్యిచ్చి లేపాడు. "ఏటి మావా, టిఫిన్ సేసినావా?" అన్నాడు.

నాన్న పక్క సీట్లో ఎక్కి రాడ్డు కాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. వెనక మోకు కట్టారు. అక్క ముందు నిలబడి చెయ్యెత్తింది. నేను తాళం తిప్పాను.

"తొక్కకు" అన్నాడు నాన్న.

"ఇంకా కదల్లేదు నాన్నా."

"తెలుసు. ముందే సెప్తన్నాను."